షాపులో నిండేది... బండిలో ఎండేది!

"కారు బ్యాటరీ గోల మనకెందుకమ్మా, అది మగాళ్ళ వ్యవహారం" అని పేజీ తిప్పేయబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. 2021 దాకా నేనూ అచ్చం అలాగే అనుకున్న మనిషినే. కారంటే నాకు తెలిసిందల్లా ముందు సీట్లో ఎడంపక్క కూర్చోవడం, దారిలో తినడానికి చేగోడీల డబ్బా ఒళ్ళో పెట్టుకోవడం, అంతే!

మాది చిలకలూరిపేటకు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెటూరు. అంతా నల్లరేగడి. ఓ పక్క పత్తి, ఓ పక్క మిరప. మా వారు 2012లో ఓ చిన్న కారు కొన్నారు. ఆ కారంటే ఆయనకెంత మురిపెమంటే, మబ్బు పడితే కల్లంలో మిరపకాయల మీద కప్పాల్సిన పట్టా ముందు కారు మీద కప్పేవారు. "కాయలు తడిస్తే డబ్బు పోతుంది, కారు తడిస్తే ఏం పోతుంది?" అని నేను దెబ్బలాడేదాన్ని.

2021 మే నెలలో, కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, ఆయన వెళ్ళిపోయారు. కారు మిగిలింది.

ఏడాదిపాటు అది చింతచెట్టు కింద దుమ్ము కొట్టుకుపోయి పడి ఉంది. "అమ్మేద్దాం వదినా, ఊరికే తుప్పు పట్టిపోతోంది" అనేవాడు మా మరిది. అతను చెప్పింది తప్పేం కాదు. కానీ చెప్పొద్దూ, తాళంచెవి ఇంకొకరి చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. 2022లో, యాభై రెండేళ్ళ వయసులో, పేటలో డ్రైవింగ్ స్కూల్లో చేరాను. మీసాలు కూడా రాని కుర్రాళ్ళ మధ్య కూర్చుని ట్రాఫిక్ గుర్తులు బట్టీ పట్టాను. లైసెన్సు వచ్చిన రోజు ఎవరికీ చెప్పకుండా దేవుడి దగ్గర పెట్టి కాసేపు ఏడ్చాను. ఆ తర్వాత పొలానికీ, పేట బజారుకీ నేనే బండి తీసుకెళ్ళేదాన్ని. రాత్రిపూట మాత్రం నడపలేదు. ఎదుటి లారీ లైట్లు కళ్ళలో పడితే భయం.

అసలు కథ 2024 సంక్రాంతికి మొదలైంది. మా అమ్మాయి తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. మార్చి మూడో వారంలో నొప్పులు రావచ్చన్నారు డాక్టరమ్మ. ఆసుపత్రి గుంటూరు కొత్తపేటలో. మా ఊరి నుంచి దగ్గర దగ్గర యాభై కిలోమీటర్లు. 108కి ఫోను చేస్తే వస్తుంది, కాదనను. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ బండి మన పల్లెల్లో ఎంతమంది తల్లుల్ని ఆదుకుందో లెక్కే లేదు. అయినా వాకిట్లో సొంత బండి ఉంటే తల్లి మనసుకి అదో ధైర్యం.

సరిగ్గా అప్పుడే మా బండి మొండికేసింది.

కనుమ మర్నాడు తాళం తిప్పితే 'టిక్... టిక్' అంది, ఊరుకుంది. పేటలో మెకానిక్కుని పిలిపించాం. "బ్యాటరీ అయిపోయిందమ్మా, నాలుగేళ్ళయింది కదా, మార్చేయండి" అన్నాడు. నాలుగువేల రెండొందలు పెట్టి కొత్తది వేయించాను. హమ్మయ్య అనుకున్నాను. ఎనిమిదో రోజున మళ్ళీ 'టిక్... టిక్'!

బ్యాటరీ విప్పి షాపుకి పంపితే రాత్రంతా చార్జింగ్ పెట్టి ఇచ్చారు. బిగిస్తే బండి బుల్లెట్‌లా స్టార్టయింది. ఆరు రోజుల తర్వాత మళ్ళీ పడుకుంది. ఇంకోసారి షాపుకి. ఇంకోసారి అదే తంతు. షాపులో పెడితే నిండుతుంది, బండిలో పెడితే ఎండుతుంది! ఇదేం చోద్యమో అర్థం కాలేదు.

ఈసారి మెకానిక్కు "డైనమో పోయినట్టుందమ్మా, మార్చాలి, తొమ్మిదివేలు అవుతుంది" అన్నాడు. మన వైపు అందరూ డైనమో అంటారుగానీ దాని అసలు పేరు ఆల్టర్నేటరు. ఇంజను తిరుగుతున్నంతసేపూ కరెంటు పుట్టించి, బ్యాటరీని మళ్ళీ నింపేది అదే. "కరెంటు అది పుట్టించకపోతే, మీటరు పక్కన ఎర్రగా బ్యాటరీ బొమ్మ వెలగాలి కదా బాబూ?" అని అడిగాను. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నదే. "ఒక్కోసారి వెలగదమ్మా" అన్నాడు. మరిది నావైపు చూసి, "నే చెప్పలా వదినా? తోడేసుకున్న బావిలో డబ్బు పోసినట్టే ఇది. కాన్పుకి నా స్నేహితుడి కారు మాట్లాడతాలే" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తొమ్మిదివేల సంగతి కాదు. "ఆడది, అందులోనూ ఈ వయసులో, కారు పెట్టుకుని ఏం సాధిస్తుంది" అన్న మాట నా ఎదుట ఎవరూ అనలేదు. కానీ అందరి మొహాల్లోనూ అదే కనిపించేది. బండి అమ్మేస్తే ఆ మాట నిజమైపోతుంది. అదీ నా బాధ.

రెండ్రోజుల తర్వాత పొలంలో బోరు మోటారు స్టార్టరు పాడైతే, మా ఊళ్ళో మోటార్లూ ట్రాక్టర్లూ బాగుచేసే పెద్దాయన వచ్చాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. వరసకి బాబాయి అంటాను. పని అయ్యాక మజ్జిగ ఇస్తూ నా గోడు చెప్పుకున్నాను.

ఆయన అంతా విని, "అమ్మాయ్, బోరు ఆడతా ఉంది, చివరి సాలుకి నీళ్ళు రావట్లా. అప్పుడు నువ్వేం చేస్తావు? చేను మారుస్తావా, మోటారు మారుస్తావా?" అన్నాడు.

"అదేం మాట బాబాయ్! మధ్యలో పైపు ఎక్కడ పగిలిందో చూస్తాం" అన్నాను.

"మరి కారుకి అట్టా ఎందుకు చూడలా?" అన్నాడు.

చూశారా! గ్యాస్ పొయ్యి సరిగా మండకపోతే మనం వెంటనే సిలిండరు మార్చం. ముందు బర్నరు కన్నాలు చూస్తాం, తర్వాత ట్యూబు, ఆ తర్వాత రెగ్యులేటరు. వంటింట్లో రోజూ చేసే పనే. కారు బానెట్ కింద కూడా అదే తెలివి పనికొస్తుందని నాకే తట్టలేదు!

మర్నాడు పొద్దున్నే బాబాయి ఓ చిన్న మీటరు పట్టుకుని వచ్చాడు. మల్టీమీటరు అంటారు. మూడు, నాలుగొందలు పెడితే ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. "ముందు ఆ గాజులు తియ్యి" అన్నాడు. నేను బిత్తరపోయాను. "బంగారమైనా, ఇనుమైనా బ్యాటరీ ప్లస్సుకీ, బండి ఇనుముకీ ఒకేసారి తగిలితే నిప్పులు రాలతాయి. చెయ్యి కాలుద్ది" అన్నాడు. ఇది మాత్రం మీరంతా గుర్తు పెట్టుకోండి. గాజులు, ఉంగరాలు, వేలాడే గొలుసు తీసేసి, కొంగు దోపుకునే బానెట్ దగ్గరికి వెళ్ళాలి. బ్యాటరీ చార్జింగ్ అయ్యేటప్పుడు దాంట్లోంచి మండే గ్యాసు వస్తుంది. కాబట్టి అగ్గిపుల్ల, బీడీ, సిగరెట్టు ఆ దరిదాపులకి రాకూడదు.

మొదట బ్యాటరీనే పరీక్షించాం. షాపులో నింపి తెచ్చిన దాన్ని ఆ ముందు రాత్రంతా బండికి తగిలించకుండా అరుగు మీదే ఉంచమన్నాడు బాబాయి. పొద్దున మీటరు పెడితే 12.6 వోల్టులు చూపించింది. "నిండుకుండ! తొణకలేదు. బ్యాటరీది తప్పు కాదు" అన్నాడు.

ఆ లెక్కేమిటో మీకూ చెబుతాను. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే ఆయన సీసపు రేకుల్ని యాసిడ్‌లో ముంచి, ఖాళీ అయినా మళ్ళీ నింపుకోగల బ్యాటరీ కనిపెట్టాడు. ఇప్పటికీ మన కార్లలో మామూలుగా ఉండేది ఆ జాతిదే. లోపల ఆరు గదులు. ఒక్కో గదికి రెండు వోల్టుల పైచిలుకు. అన్నీ కలిపితే నిండు బ్యాటరీకి 12.6. అది 12.2కి దిగితే సగం అయినట్టు, 12కి దిగితే పావు వంతే మిగిలినట్టు. రాత్రంతా చార్జింగ్ పెట్టాక కూడా పదిన్నర దగ్గరే ఆగిపోతే ఓ గది చచ్చిపోయిందని అనుమానించాలి. అప్పుడు కొత్తది కొనక తప్పదు.

రెండోది ఫ్యాన్ బెల్టు. ఇంజను తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ని తిప్పేది అదే. వదులైతే, పగుళ్ళిస్తే, జారిపోతూ కీచుమంటుంది. ఇంజను ఆపి, వేలితో నొక్కి చూశాం. బిగువుగానే ఉంది.

మూడోది బ్యాటరీ మీది కొమ్ములు, అంటే టెర్మినల్స్. మా దానికి ఆకుపచ్చా తెలుపూ కలిసిన బూజులాంటి పొడి కొంచెం పట్టింది. బాబాయి "వంటసోడా ఉందా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వేడినీళ్ళలో రెండు చెంచాలు కలిపి పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే బుసబుస పొంగి శుభ్రమైపోయింది. ఆ సోడా నీళ్ళు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి మాత్రం పోకూడదు. తుడిచి, ఆరబెట్టి, బిగించాక పైన కాస్త వ్యాజ్‌లైన్ రాశాం.

అప్పుడు బండి స్టార్ట్ చేశాను. ఇంజను తిరుగుతుంటే బ్యాటరీ కొమ్ముల దగ్గర పధ్నాలుగు వోల్టుల చుట్టుపక్కల రావాలిట. అంటే 13.8 నుంచి 14.5 దాకా. అంతకన్నా తగ్గితే బ్యాటరీ నిండదు. మాకు హెడ్‌లైట్లు వేస్తే 12.3! కొత్త కార్లలో కొన్నింటికి కంప్యూటరే చార్జింగుని హెచ్చూ తగ్గూ చేస్తుంది కాబట్టి వాటికి ఈ లెక్క అచ్చంగా వర్తించదు. మాది పాతది.

"చూశావా, చేలోకి నీళ్ళు రావట్లా. ఇప్పుడు బోరు దగ్గరికి పోదాం" అని, బాబాయి మీటరు తీగ ఒకటి ఆల్టర్నేటరు వెనక ఉన్న బోల్టు కొసకి జాగ్రత్తగా తగిలించాడు, రెండోది దాని ఒంటికి. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

14.2!

డైనమో భేషుగ్గా పనిచేస్తోంది! తొమ్మిదివేలు పోసి మార్చమన్న డైనమో! అక్కడ 14.2 పుడుతోంది, బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి 12.3. దాదాపు రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయి. డైనమో తన దగ్గర కరెంటు సరిగ్గా ఉందనే అనుకుంటోంది. అందుకే ఎర్ర బొమ్మ వెలగలేదు.

ఇంజను ఆపి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, బాబాయి ఆ బోల్టు మీద చెయ్యేశాడు. స్పానరు అక్కర్లేదు, నట్టు వేళ్ళకే తిరిగింది! తీగ చివరి రింగు నల్లగా మాడిపోయి ఉంది. అంతకు ముందు ఏడాది బేరింగు మార్చడానికి ఆల్టర్నేటర్ని దించినవాళ్ళు తిరిగి ఎక్కించేటప్పుడు నట్టు సరిగా బిగించలేదు. అది మెల్లమెల్లగా వదులై, సందులో నిప్పురవ్వలు లేచి, మసి పట్టి, కరెంటుకి అడ్డుగోడ కట్టింది.

అరముక్క ఎమరీ పేపరుతో రింగునీ, బోల్టునీ తళతళలాడేలా రుద్దాడు. స్పానరు నా చేతికిచ్చి, "నువ్వే బిగించు అమ్మాయ్" అన్నాడు. బిగించాను. మైనస్ తగిలించి స్టార్ట్ చేస్తే బ్యాటరీ దగ్గర 14.1. ఖర్చు ఎంతయిందంటారా? ఎమరీ పేపరు, చెంచాడు వంటసోడా, రెండు గ్లాసుల మజ్జిగ!

బాబాయి వెళ్ళేముందు ఇంకొన్ని సంగతులు చెప్పాడు. అవి మీకూ పనికొస్తాయి.

బండిలో ఏదైనా లైటు వెలుగుతూ ఉండిపోయినా బ్యాటరీ ఖాళీ అవుతుంది. లోపలి ఐదు వాట్ల చిన్న బల్బు చాలు, చిన్న కారు బ్యాటరీని మూడు నాలుగు రోజుల్లో పీల్చేస్తుంది. డిక్కీ లైటు మరీ దొంగది, మూత వేశాక వెలుగుతోందో లేదో కనిపించదు. ఫోను లోపల పెట్టి వీడియో తీసి చూసుకోవచ్చు.

ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వారాలతరబడి వదిలేయకూడదు. రేకుల మీద గట్టి పొర పేరుకుపోయి, తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా ఎక్కదు. బండి ఊరికే ఉన్నా వారానికోసారి అరగంటైనా తిప్పుకురావాలి. ఇంటిముందు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే లాభం లేదు.

చలికి బ్యాటరీలు పోతాయంటారుగానీ, మన పల్నాడు ఎండలు అంతకన్నా పాడు చేస్తాయి. రెంటచింతల ఎండ గురించి వేరే చెప్పాలా! వేడికి లోపలి నీరు తగ్గి, రేకులు త్వరగా తినేస్తాయి. మూతలున్న బ్యాటరీ అయితే ఎండాకాలంలో నెలకోసారి చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరు నీళ్ళు, బిందెలో మంచినీళ్ళు పోయకూడదు. యాసిడ్ చేతికో, కంట్లోనో పడితే వెంటనే నీళ్ళతో బాగా కడగాలి. కంట్లో పడితే కడిగి ఊరుకోకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఎప్పుడైనా పక్క బండి సాయంతో స్టార్ట్ చేయాల్సివస్తే ప్లస్సుకి ప్లస్సు కలపాలి. సాయం చేసే బండి మైనస్‌ని మాత్రం మన బ్యాటరీ మైనస్‌కి కాకుండా, దూరంగా ఇంజను ఇనుముకి తగిలించాలి. సాయం కోసం లారీని అడగొద్దు. పెద్ద లారీలకి 24 వోల్టులు, మన కారుకి 12.

తీసేసిన పాత బ్యాటరీని పాతసామాన్ల వాడికి వేయకండి. లోపలిది సీసం. పిల్లల మెదడుకి విషం. యాసిడ్‌ని కాలవలో పారబోసేస్తారు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారుచేసేవాళ్ళదే. కొత్తది కొనే షాపులోనే ఇస్తే కొంత ధర కూడా తగ్గిస్తారు.

ఇక ఆ రాత్రి సంగతి.

మార్చి రెండో వారం. అనుకున్న దానికి వారం ముందు. కల్లంలో కాయలు ఏరి, టిక్కీలు కట్టి, మరిది ఆ సాయంత్రమే లారీ ఎక్కి గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళాడు. మరిది స్నేహితుడి కారు అంటారా, అదీ పెళ్ళికి ఒంగోలు వెళ్ళింది. రాత్రి రెండున్నరకి అమ్మాయి లేచి "అమ్మా" అంది. ఆ ఒక్క పిలుపుతో నాకు అర్థమైపోయింది.

తోడికోడల్ని లేపాను. అమ్మాయిని వెనకసీట్లో ఎడంపక్కకి ఒరిగించి పడుకోబెట్టి, తలగడలు సర్ది, తను పక్కన కూర్చుంది. నేను తాళంచెవి పట్టుకుని ఓ క్షణం ఆగాను. రాత్రిపూట ఎప్పుడూ నడపలేదని చెప్పానుగా. చెయ్యి వణికింది. 'టిక్' అంటే ఏం చేయాలి? 108కి ఫోను చేయాలి, నంబరు నొక్కి పెట్టుకునే ఉన్నాను.

తాళం తిప్పాను. ఒక్కసారికే అందుకుంది.

హైవే ఎక్కాక ఎదుటి లారీల లైట్లు కళ్ళలో పడుతూనే ఉన్నాయి. ఎడమ గీతను చూస్తూ నడపమని మాస్టారు చెప్పింది గుర్తొచ్చింది. యడ్లపాడు దాటాక అమ్మాయి "అమ్మా, మెల్లగా వెళ్ళు, ఇంకా టైముంది" అంది. నొప్పుల్లో ఉన్న పిల్ల నాకు ధైర్యం చెబుతోంది! గుంటూరు దగ్గర పడేసరికి మిరపఘాటు ముక్కుకి తగిలింది. ముగ్గురం తుమ్మి, ముగ్గురం నవ్వాం.

పొద్దున ఆరింటికి మనవరాలు పుట్టింది.

మరిది యార్డు నుంచి కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. అది ఘాటుకో, ఆనందానికో నేను అడగలేదు. పిల్లని చూసి, బయట నిలబెట్టిన కారు చుట్టూ ఓసారి తిరిగి వచ్చాడు. బండి అమ్మడం గురించి ఆ రోజు తర్వాత మళ్ళీ ఎత్తలేదు.

మొన్న ఉగాదికి మాత్రం గుమ్మంలో నిలబడి నసుగుతూ, "వదినా, మన ట్రాక్టరు బ్యాటరీ వారంలో రెండుసార్లు పడుకుంది. నీ దగ్గర మీటరు ఉందంటగా, ఓసారి వచ్చి చూస్తావా?" అన్నాడు.

గాజులు తీసి బీరువాలో పెట్టి, కొంగు దోపుకుని బయల్దేరాను.